ఐవర్ మెల్డ్రమ్ గరిటె విమోచనం

ఉత్తర సముద్రపు ఉప్పుగాలి ఒడ్డు దాటి లోనికి వీచి గొర్రెల ఉన్నిలో చిక్కుకుని ఆగిపోయే సీమలో, ఊదారంగు హెదర్ పూలు కొండల భుజాలపై పట్టుశాలువలై పరచుకున్న వేళ, ఆగస్టు మాసం సెలవు పుచ్చుకోక సెప్టెంబరు మాసం లోపలికి రాక రెండూ గడప మీద నిలబడి వానలో తడుస్తున్న సంధికాలాన, ఆదివారం సాల్మన్ చేపకు గాలం వేయడం చట్టం ఒప్పుకోదు గనుక ఆ ఏటి వేటకు కడపటిదైన శనివారాన, ఆబర్డీన్ నగరానికి వాయవ్యంగా, డెవరన్ మహానది దక్షిణ తటాన, పలకరాతి కప్పు గల ఒక అద్దె కుటీరం చెంత, మెల్డ్రమ్ వంశీయుల మధ్య, ముల్లోకాలూ ముక్కున వేలేసుకోదగిన సమరం ఒకటి జరిగింది. దేవతలు చూడలేదు. వాన పడుతున్నది కనుక వారు బయటికి రాలేదు. చూసినవారు లేకపోవడమే ఆ సమరానికి ప్రాణసంకటమైంది. కావున ఓ జనులారా, తడి మేజోళ్ళు విడిచి పొయ్యి దగ్గర ఆరవేసుకుని, సావధానచిత్తులై వినండి.

ఈ గాథకు నాయకుడు ఐవర్ మెల్డ్రమ్. ఆబర్డీన్‌లో కళ్ళజోళ్ళ దుకాణం గలవాడు, పరనేత్రదోషనివారకుడు, విశాలోదరుడు, మృదుభాషి, ఏభై దాటినవాడు. గోడ మీద వేలాడే అక్షరాలలో చీమతలకాయలంతటి ఆఖరి వరుసను సైతం ముదుసళ్ళ చేత గడగడ చదివించగల ఆ ఘనుడికి, నీళ్ళలో చేప ఎక్కడున్నదో మాత్రం ఇరవై ఏళ్ళుగా కనబడలేదు. ఏటా ఈ వారం మెల్డ్రమ్ కుటుంబం యావత్తూ డెవరన్ ఒడ్డుకు చేపల వేటకు తరలిరావడం తాతల నాటి ఆచారం. ఐవర్ భార్య ఇదే వారం తన చెల్లెలితో స్పెయిన్ వెళ్ళిపోవడం పెళ్ళయిన రెండో ఏటి నుంచి వస్తున్న ఆచారం.

ఆ వేటకు ధర్మశాస్త్రం ఉంది. ఐవర్ తండ్రి, కీర్తిశేషుడైన ఆర్చిబాల్డ్ మెల్డ్రమ్, పైపు తాగుతూ, ఎదురుచెప్పేవాడు లేక, రెండు శాసనాలు చేసిపోయాడు. వారమంతా వేటాడి ఒక్క చేపనైనా పట్టనివాడు శనివారం రాత్రి ఏప్రాన్ కట్టుకుని అందరికీ సూపు వడ్డించాలి; అందరి గిన్నెలూ నిండి, ఖాళీ అయి, మళ్ళీ నిండి, అందరూ కుర్చీల్లో వెనక్కి వాలిన పిమ్మట, అడుగున మిగిలినది తాను తాగాలి. ఇది మొదటిది. పట్టిన చేపను ఇంకొక మెల్డ్రమ్ కన్ను చూసి తీరాలి. చూడని చేప చేప కాదు. ఇది రెండవది. పట్టిన సాల్మన్‌ను తిరిగి నదిలోకే వదలాలి కనుక, ఇంటికి మోసుకొచ్చి ఇదిగో అని చూపించే ఉపాయం ఎవరికీ లేదు.

ఇక ఆ సూపు సంగతి. పొగబెట్టిన హాడక్ చేపను, బంగాళాదుంపలను, ఉల్లిని పాలలో మరగించి చేసే ఆ సూపు పేరు కల్లెన్ స్కింక్. వేడి మీద అది అమృతానికి అన్నగారు. చల్లారిందా, పైన మీగడ తోలుగా బిగుస్తుంది, దుంపలు గులకరాళ్ళై అడుగుకు దిగుతాయి, చేప మాత్రం తాను చేపనన్న సంగతిని గట్టిగా చాటుతుంది. ఇరవై ఏళ్ళుగా ఐవర్ ఈ కుటీరంలో దానిని చల్లగా తప్ప ఎరగడు.

అతని తల్లి ఎఫీ, ఎనభయ్యవ పడిలో కూడా మడతకుర్చీలో నుంచి లేవకుండానే ట్రౌట్ చేపలను లాగి పారేసే మీనకులకాలరాత్రి. అక్క రోనా, ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్, ఆమె గాలం విసిరితే గాలి రెండుగా చీలి, ఏది ఎటు పోవాలో ఆమెనే అడుగుతుంది. రోనా భర్త క్లైవ్, ఇంగ్లండులోని లీడ్స్ నగరవాసి, మెతకవాడు. పెళ్ళయిన ఏడాది మొట్టమొదటిసారి ఈ నదికి వచ్చి, గాలపుకర్రను తలకిందులుగా పట్టుకుని, నోట్లో శాండ్‌విచ్ ఉండగానే, మొదటి విసురుకే ఆ ఏటి మొత్తానికి పెద్దదైన సాల్మన్‌ను పట్టాడు. ఆ నేరాన్ని ఎఫీ ఇంతవరకు క్షమించలేదు. అతన్ని పేరుపెట్టి పిలవదు. అతనూ అత్తగారిని ఏనాడూ "మిసెస్ మెల్డ్రమ్" అనే పిలుపు దాటి పిలవలేదు. దీనికి తోడు ఈ ఏడు డాక్టరు అతనికి తీపి మానిపించాడు. ఆ ఆజ్ఞను అమలుపరిచే భారం రోనా తలకెత్తుకుంది, అంటే అతనికి తప్పించుకునే దారి లేనట్టే.

ఈ వారం రోనా రెండు సాల్మన్‌లు పట్టింది. ఎఫీ అల్లిక పని చేసుకుంటూ ట్రౌట్‌లు పట్టింది. మంగళవారం క్లైవ్ దారం చిక్కు తీసుకుంటుండగా చేపే వచ్చి అతన్ని పట్టుకుంది. మరి మన వీరుడో! సోమవారం ఒక విల్లో చెట్టును జయించాడు. బుధవారం గట్టు మీద మేస్తున్న పక్కవాళ్ళ పొట్టేలును వెనుక నుంచి ఎదుర్కొన్నాడు. గురువారం తన ఎడమ చెవినే గాలానికి తగిలించుకున్నాడు. బలమైన పట్టు. రోనా కొక్కెం ముల్లును పట్టుకారుతో తుంచి విడిపించింది.

శనివారం ఉదయం. ఉపాహారవేళ.

"ఐవర్, ఏప్రాన్ ఇస్త్రీ చేసి పెట్టాను. తలుపు వెనకాల తగిలించా," అంది ఎఫీ, మార్మలేడ్ సీసా మూత తిప్పుతూ.

"ఇంకా సాయంత్రం దాకా టైముందమ్మా."

"పోయినేడూ ఇదే అన్నావు."

"పోయినేడు నదిలో నీళ్ళు లేవు."

"అంతకు ముందేడు?" అడిగింది రోనా.

"అప్పుడు నీళ్ళు ఎక్కువైపోయాయి."

"పాపం, చేపలు మునిగిపోయుంటాయి."

క్లైవ్ తన ముందున్న చక్కెర లేని ఓట్స్ జావను దీనంగా కలుపుతూ తల ఎత్తాడు. "అసలు ఆలోచించకుండా విసిరి చూడు, ఐవర్. నిజంగా చెప్తున్నా. నేనైతే అలాగే—"

"క్లైవ్, నువ్వు జావ తాగు," అంది రోనా.

"రోనాతో వచ్చినాయన్ని ఆ వెన్న ఇటు జరపమను," అంది ఎఫీ. క్లైవ్‌కూ ఆమెకూ మధ్య దూరం జానెడు. అతను వెన్న జరిపాడు.

ఇట్టి అవమానాగ్నికి గుండె గుగ్గిలమై మండగా, వెనకటి వీరుడైతే బల్ల గుద్ది లేచి, "ఓ జననీ! ఓ సహోదరీ! నేటి సూర్యుడు పడమటి కొండను ముట్టకమునుపే ఈ నదీగర్భాన్ని మథించి, మత్స్యరాజును మీ పాదాల చెంత పడవేయనేని నేను ఆర్చిబాల్డ్ పుత్రుడను కాను!" అని గర్జించి ఉండేవాడు. ఐవర్ ఇంచుమించు అదే భావంతో, "ఆ టోస్ట్ ఎవరూ తినకపోతే నేను తీసుకుంటాను," అన్నాడు.

కానీ లోపల గర్జించాడు. ఆ మాట నమ్మండి. ఈ ఏడు ఎందుకో అతనికి ఆ తలుపు వెనకాల వేలాడే ఏప్రాన్‌ను చూస్తే నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ నవ్వేవాడు, అందరికంటే ముందు తనే జోకు వేసేవాడు. ఇప్పుడు దాని నాడాలు తన నడుము కొలతకు సాగిపోయి ఉన్నాయని గమనించాడు. అది ఇక ఎవరి ఏప్రానో అడగనక్కరలేదు.

మధ్యాహ్నం రోనా గాలం భుజాన వేసుకుని నది ఎగువకు పోయింది. క్లైవ్ తలనొప్పి అని చెప్పి మేడ మీద పడుకున్నాడు. ఐవర్ తల్లిని కుర్చీతో, ఫ్లాస్కుతో, కంబళితో సహా కేల్‌పాట్ మడుగుకు నడిపించుకుపోయాడు. కాలిబాట వంతెనకు కాస్త దిగువగా, నల్లని బండల నడుమ, నది తన చుట్టూ తాను గిర్రున తిరిగే చోటది.

"నువ్వు చూస్తూ ఉండాలమ్మా. అంతే. ఇంకేం చెయ్యక్కర్లేదు."

"చూస్తానులే."

"నిద్రపోకూడదు."

"నేనెప్పుడు నిద్రపోయాను? కళ్ళు మూసుకుని ఆలోచిస్తాను," అంటూ ఎఫీ ముఖానికి జల్లెడ తెర ఉన్న టోపీ పెట్టుకుంది. నది హోరుకు కీచుమంటున్నాయని చెవి మిషన్లు రెండూ తీసి కోటు జేబులో వేసుకుంది. ఐవర్ చంకల దాకా వచ్చే రబ్బరు కవచాన్ని తొడిగి, ఈకలతో కట్టిన ఎర్ర ఈగను గాలానికి ముడివేసి, చేతివలను వీపున తగిలించి, నడుముల్లోతు నీళ్ళలోకి దిగాడు. వెనక్కి తిరిగి చూసేసరికి తల్లి గాఢంగా ఆలోచిస్తోంది. ఆ ఆలోచన గురక రూపంలో నది మధ్య దాకా వినిపిస్తోంది.

అంతలో వాన వెలిసింది. గాలి పడిపోయింది. ఆకు కదలలేదు. అన్యదేశాలలో గాలి పడిపోవడం ప్రశాంతత. ఈ లోయలో గాలి పడిపోయిందంటే తెలిసినవాళ్ళు పిల్లలను లోపలికి లాక్కుని తలుపులు వేసుకుంటారు. ఫెర్న్ పొదల కింద నుంచి, తడి గడ్డి మొదళ్ళ నుంచి, అణుమాత్రదేహలు, అక్షౌహిణీసంఖ్యాకలు, రుధిరపానలోలలు, కవచరంధ్రాన్వేషణపరాయణలు అయిన నుసుములు, మేఘం మీద మేఘంగా లేచి, ఒక్క క్షణం ఆకాశాన ఆగి, ఈ సీమలో ఆ పూట ఆరుబయట నిలిచిన ఏకైక స్థూలకాయుడు ఎక్కడని వెదికి, చూసి, ఆనందించి, దిగాయి.

చెవుల వెనుక వ్యూహం పన్నాయి. కనుబొమల అడవిలో దండు విడిశాయి. కళ్ళజోడు వెనుక దూరి అద్దాన్ని కోటగోడగా చేసుకుని లోపలి నుంచి యుద్ధం చేశాయి. ఐవర్ ఒక చేత్తో గాలం పట్టి, రెండో చేత్తో తన చెంపలు తానే వాయించుకుంటూ, నదీమధ్యాన తాండవమాడుతుండగా, ఈ దేశపు వేటగాళ్ళు ఎవరూ ఏ పుస్తకంలోనూ నేర్పని రీతిలో, ఒక నుసుమును తోలబోయి విసిరిన మోచేతి విసురుకు, గాలపుతాడు అష్టవంకరలు పోయి, ఎర్ర ఈగ సుడి నడుమ, నల్లబండ నీడలో, తల్లి ఒడిలో బిడ్డను పడుకోబెట్టినంత మెత్తగా వాలింది.

నీరు ఉబ్బింది. తాడు బిగిసింది. కర్ర విల్లులా వంగింది. రీలు "క్రీఈఈఈ" అని ఏడ్చింది.

మొదట విల్లో చెట్టే అనుకున్నాడు. అయితే విల్లో చెట్టు ఎదురు ఒడ్డుకు పరుగెత్తదు. మరుక్షణం మడుగు నడుమ వెండి, రాగి కలిపి పోతపోసిన దండం వంటి దేహం ఒకటి నీటిని చీల్చుకుని పైకెగిరి, సాయంకాలపు వెలుతురును ఒకమారు వంటికి పూసుకుని, దబ్బున పడింది. సాల్మన్! పసిబిడ్డ ప్రమాణం గల సాల్మన్!

"అమ్మా!"

తెరచిన నోట నుసుములు ఒక పటాలంగా ప్రవేశించాయి. మింగేశాడు. "అమ్మా! లే!" ఇంకో పటాలం. ఎఫీ గురక తాళం తప్పలేదు.

అప్పుడు ఆ వీరుడికి తన దుస్థితి సంపూర్ణంగా అర్థమైంది. ఇరవై వత్సరాల పరాభవాన్ని కడిగివేయగల మత్స్యరాజు తాడుకు అటు చివర, ఆ కడుగుటకు చట్టబద్ధత ప్రసాదించగల ఏకైక నేత్రయుగళం గట్టు మీద రెప్పల వెనుక. చేపను తెచ్చేదాకా తల్లి లేవదు. తల్లిని లేపేదాకా చేప ఆగదు. చేపను ఎడమచేత కాచుకుంటూ, కుడిచేయి జేబులో పెట్టి వెదికితే, రోనా చేసిన టాబ్లెట్ తగిలింది. పాలు, వెన్న, చక్కెర రాయిలా గట్టిపడేదాకా కాచి ముక్కలు కోసే ఆ మిఠాయి పళ్ళకు ప్రమాదకరమైనది, అస్త్రంగా శ్రేష్ఠమైనది.

మొదటి ముక్క విసిరాడు. నదిలో పడింది. రెండవది ఫ్లాస్కును తాకి ఠంగుమన్నది. కాకి ఒకటి లేచిపోయింది, తల్లి లేవలేదు. మూడవదాన్ని, కళ్ళ మీది నుసుములను రెప్పలతో నలిపి, తండ్రిని తలచుకుని, గురి చూసి విసిరాడు. అది నేరుగా పోయి ఎఫీ టోపీ అంచు మడతలో పడి అక్కడే ఉండిపోయింది. ఆమె నిద్రలో చేయెత్తి, పక్షి రెట్ట కాబోలు అనుకున్నట్టు ఒకసారి విదిలించి, ఆలోచన కొనసాగించింది.

ఈలోగా మత్స్యరాజు ఎగువకు లాగితే ఐవర్ ఎగువకు పోయాడు. దిగువకు లాగితే దిగువకు. నడుమ ఒక పాచి బండ అతని కాలిని అటూ ఇటూ పోనివ్వక పైకి పంపింది. అతను నదిలో కూర్చున్నాడు. రబ్బరు కవచంలోకి డెవరన్ మహానది, పర్వతాల చల్లదనమంతా వెంటబెట్టుకుని, చంకల దగ్గర ప్రవేశించి బొటనవేళ్ళ దాకా దిగింది. లేవలేడు. అయినా కర్ర వదలలేదు. కూర్చున్నచోటనే రీలు తిప్పాడు. ముఖం మీద నుసుములు విందు చేస్తున్నా, ఒక్కసారి కూడా గోక్కోలేదు. గోక్కోని ఆ క్షణాలను తక్కువగా ఎంచకండి. యుద్ధాలలో తలలు ఇచ్చినవాళ్ళున్నారు గాని నుసుము కుట్టిన ముక్కు కొసను గోక్కోకుండా నిగ్రహించినవాళ్ళు అరుదు.

చివరకు చేప అలసింది. పక్కకు ఒరిగి, నురగల మీద తేలుతూ, అతని ఒడి దాకా వచ్చింది. వీపు నుంచి వల లాగి దాని కింద పెట్టాడు. తల, మొప్పలు, సగం దేహం వల లోపలికి వచ్చాయి. కన్నులోకి కన్ను పడింది. వృత్తిధర్మం కొద్దీ ఐవర్ ఆ కంటిని పరీక్షించాడు. స్వచ్ఛంగా, గుండ్రంగా, ఏ దోషమూ లేకుండా ఉంది. జోడు అక్కర్లేదు. తనను అంత సూటిగా, ఎగతాళి లేకుండా, ఆ వారంలో ఎవరూ చూడలేదు.

అతను ముగ్ధుడైన ఆ రెప్పపాటులో మత్స్యరాజు తోక ఎత్తి ఫెళ్ళున చెంపకు చరిచింది. గాలం ఊడింది. వల అంచు మీదుగా ఒక వెండి గీత జారింది. మడుగు మూసుకుంది.

ఐవర్‌కు లోకం సగం కనబడటం లేదు. ఎడమ కన్ను ముందంతా వెన్నెల రంగు మసక. చాలాసేపటికి తెలిసింది, కళ్ళజోడు అద్దానికి సాల్మన్ పొలుసు ఒకటి, గోరంత, అతుక్కుని ఉందని.

సరిగ్గా అప్పుడు ఎఫీ మేలుకుంది. "ఐవర్! నీళ్ళలో ఎందుకురా కూర్చున్నావు?"

అతను రెండు చేతులూ బార చాపి చూపించాడు.

"ఏంటీ? కౌగిలించుకోవాలా?"

చేతులు ఇంకా చాపాడు.

"టీ కావాలా? ఫ్లాస్కులో ఉంది, వచ్చి పోసుకో."

అతను పాక్కుంటూ ఒడ్డుకు వచ్చి, ఆమె జేబులోంచి మిషన్లు తీసి చేతిలో పెట్టాడు. ఆమె చెవుల్లో సర్దుకునేదాకా ఆగాడు.

"పట్టానమ్మా. ఇంత. వలలోకి కూడా వచ్చింది."

"ఏదీ?"

"పోయింది."

ఎఫీ మడుగు వంక చూసింది. కొడుకు ముఖం వంక చూసింది. ఆ ముఖం అప్పటికి దద్దుర్లతో ఉబ్బి, ఏడుస్తున్నదీ లేనిదీ తెలియని స్థితికి వచ్చింది.

"నేను చూడలేదురా నాన్నా," అంది మెల్లగా. "చూశానని చెప్పొచ్చు. కానీ చూడలేదుగా."

"వద్దమ్మా. చెప్పొద్దు," అన్నాడు ఐవర్. కుర్చీ మడిచి చంకన పెట్టుకున్నాడు. దారి పొడుగునా కవచంలో నది గుళగుళమంటూనే ఉంది.

కుటీరంలో దీపం వెలిగించకుండానే ఇంకా వెలుతురుంది. పొయ్యి మీద కల్లెన్ స్కింక్ ఉడుకుతోంది. బల్ల నడుమ, పింగాణీ సాసరులో, పొలుసు. రోనా దాన్ని ఫోర్కు కొనతో తిప్పి చూసింది.

"ఇది నా చేపదేమో. మంగళవారం నీ వల నేనేగా వాడాను."

"ఇది వల మీద లేదు, నా కళ్ళజోడు మీద ఉంది."

"నీ కళ్ళజోడు మీద ఈస్టరు నాటి గుడ్డు మరక కూడా ఉంది."

"రోనా, నేను నిజంగానే పట్టాను."

"అబద్ధమనట్లేదురా. సాక్షి ఎవరు అంటున్నా. నాన్న నీకోసం ఒక రూలు, నాకోసం ఒక రూలు పెట్టలేదు."

ఐవర్ తల ఊపాడు. తలుపు వెనక్కి పోయి ఏప్రాన్ తీసి, మెడలో వేసుకుని, నాడాలు ముడివేసుకున్నాడు. గరిటె అందుకున్నాడు.

"నేను చూశాను," అన్నారెవరో.

క్లైవ్ లేచి నిలబడి ఉన్నాడు. రంగు వెలిసిన గోడలా పాలిపోయి ఉన్నాడు.

"నువ్వు పైన పడుకున్నావుగా?" అంది రోనా.

"పడుకోలేదు. వంతెన దాటి అవతలి ఒడ్డుకెళ్ళాను. మడుగుకి ఎదురుగా ముళ్ళపొదలున్నాయి కదా. వాటి వెనకాల కూర్చున్నాను."

"తలనొప్పితో ముళ్ళపొదల్లో ఏం పని?"

జనులారా, ఈ ఘడియను గుర్తించండి! క్లైవ్ పాపం ఎవరికీ తెలియదు. నోరు కుట్టుకుని కూర్చుంటే, వేడి సూపు రెండు గిన్నెలు తాగి, మచ్చలేనివాడుగా నిద్రపోగలడు. నోరు తెరిచాడా, భార్య వైపు అగ్ని, అత్తగారి వైపు ప్రళయం. ఆ ఇద్దరి మధ్య నిలిచి, గొంతు సవరించుకుని, ఆ లీడ్స్ నగర నరసింహం పలికిన పలుకులివి:

"కేకు తింటున్నాను."

"ఏ కేకు?" అంది ఎఫీ.

రోనా బల్ల ఎక్కి, అటక మీద నుంచి, రేపటి ప్రయాణానికని ఎఫీ స్వహస్తాలతో చేసి దాచిన డండీ కేకు డబ్బాను దించింది. మూత తీసింది. లోపల కాగితం ఉంది.

"మొత్తమా?"

"ముందు పైనున్న బాదంపప్పులు మాత్రమే తిందామనుకున్నాను," అన్నాడు క్లైవ్. "అవి తీసేస్తే బోసిగా కనిపించింది. పోనీలే అని... తర్వాత సాల్మన్ పడింది. ఆ కంగారులో చెయ్యి ఆగలేదు. ఎంత పెద్ద చేపనుకున్నారు! ఐవర్ కూలబడ్డా కర్ర వదల్లేదు. సగం వలలోకి వచ్చింది, నా కళ్ళతో చూశాను. మిసెస్ మెల్డ్రమ్, మిమ్మల్ని లేపడానికి టాబ్లెట్ కూడా విసిరాడు. మూడోది మీ టోపీ మీదే పడింది."

ఎఫీ లేచి, కొక్కేనికి తగిలించిన టోపీ తీసి, అంచు మడతలో వేలు పెట్టింది. టాబ్లెట్ ముక్క బయటికి తీసి బల్ల మీద పెట్టింది. తన కేకు తిన్నందుకు కాక, తాను నిద్రపోయానని అందరిముందూ రుజువైనందుకు ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"అయినా రూలు రూలేనమ్మా," అంది రోనా. "మెల్డ్రమ్ కన్ను చూడాలన్నారు నాన్న. ఈయన ఇంటిపేరు హిగిన్‌బాటమ్. నా మొగుడే, కాదనను. కానీ ఆ కేకు సంగతి తేలేదాకా ఈయన నాకేమీ కాడు."

ఎఫీ చాలాసేపు డబ్బాలోని కాగితం వంక చూసింది.

"మీ నాన్న కూడా ఒకసారి నా కేకు మొత్తం తిన్నాడు," అంది చివరికి. "పెళ్ళైన కొత్తలో. కిటికీలోంచి గొర్రె తల పెట్టి తినేసిందన్నాడు. చచ్చేదాకా గొర్రే అన్నాడు. ఒక్కసారైనా ఒప్పుకోలేదు." క్లైవ్ వైపు తిరిగింది. "నిన్నెవరూ అడగలేదు. నేనేమంటానో నీకు తెలుసు. అది ఏమంటుందో ఇంకా బాగా తెలుసు. అయినా వీడి కోసం నోరు విప్పావు. ఆ కన్ను మెల్డ్రమ్ కన్ను కాదంటే ఇంక ఎవరిది అవుతుంది? కూర్చో, క్లైవ్. ఇకమీదట నన్ను మిసెస్ మెల్డ్రమ్ అనకు. ఎఫీ అను."

క్లైవ్ నోరు తెరిచాడు. "మిసెస్... ఎఫీ," అన్నాడు.

"ఇక చేప సంగతి. వల అంచు దాటింది, చేతికి రాలేదు. చేప పోయింది, పొలుసు మిగిలింది. కాబట్టి ఐవర్ పొలుసు పట్టాడు. పొలుసుకు తగ్గ న్యాయమే చేస్తాను. సూపు మాతో కూర్చుని తాగుతాడు. గిన్నెలు మాత్రం వాడే కడుగుతాడు."

"మరి వడ్డించేదెవరు?" అంది రోనా.

ముగ్గురూ క్లైవ్‌ను చూశారు. ఇన్నేళ్ళలో ఆ ఇంటి గరిటె అతను ముట్టుకోలేదు. చుట్టాల చేత పని చేయించడం ఎఫీకి నచ్చదు. ఐవర్ తన మెడలోని ఏప్రాన్ తీసి, కిరీటధారణ వేళ పురోహితుడికి ఉండవలసినంత గాంభీర్యంతో, బావగారి మెడలో వేశాడు. నాడాలు క్లైవ్ నడుము చుట్టూ రెండు చుట్లు వచ్చాయి. అతను దాన్ని ఇటూ అటూ సర్దుకుని, అద్దంలో చూసుకుని, కళ్ళు తుడుచుకున్నాడు.

"కేకు గురించి రేపు కారులో మాట్లాడుకుందాం," అంది రోనా. "ఇంటిదాకా చాలా టైముంది."

ఇట్లు, ఇరవై సంవత్సరాల అనంతరం, డెవరన్ దక్షిణతటాన, ముఖమంతా దద్దుర్లతో, కాళ్ళకు పొడి మేజోళ్ళతో, తల్లికి కుడిపక్కన, అక్కకు ఎదురుగా, పొలుసాధిపతి, గరిటెవిముక్తుడు, మత్స్యచపేటాలంకృతకపోలుడు అయిన ఐవర్ మెల్డ్రమ్ కుర్చీలో ఆసీనుడయ్యాడు. అతని ముందుకు గిన్నె వచ్చింది. ఆవిరి లేచి కళ్ళజోడు అద్దాలు రెండింటినీ కప్పేసింది. అతను ఏమీ కనబడకుండానే చెంచా నింపి, పూర్తిగా నోట్లో పెట్టుకున్నాడు. ఈ సూపును ఊదుకుని తాగాలని అతనికి తెలియదు. ఎన్నడూ ఆ అవసరం రాలేదు.

"వేడిగా ఉందా?" అంది ఎఫీ.

కాలిన నాలుకను లోపలే మడుచుకుని, కన్నీళ్ళు ఆవిరి చాటున జారుతుండగా, ఆ విజేత తల ఊపి రెండో చెంచా ముంచాడు.